పూటకూటి ఇంటి నుంచి మెస్ దాకా

బందరు జిల్లా కేంద్రంగా, కోర్టుల ఊరుగా, చదువుల ఊరుగా పేరు తెచ్చుకున్న కాలంలో రోజూ ఎంతోమంది పొరుగూళ్ళవాళ్ళు వచ్చి ఇక్కడ దిగేవారు. వ్యాజ్యాల కోసం వచ్చిన రైతు వాయిదా పడితే రాత్రికి ఉండిపోవాలి. 1843లో రాబర్ట్ నోబుల్ పెట్టిన బడి పెరిగి కళాశాల అయ్యాక పల్లెల నుంచి పిల్లలు చదువుకి వచ్చి ఏళ్ళ తరబడి ఉండేవారు. వీళ్ళందరికీ అన్నం పెట్టిందెవరు? మా ప్రాంతపు హోటళ్ళ చరిత్ర చెప్పాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

నేను హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. పుట్టిల్లు దివిసీమలో కోడూరు వైపు, మెట్టినిల్లు బందరు, ఉద్యోగం చాలాకాలం గుడివాడలో. ఈ మూడుచోట్లా వండాను, తిన్నాను, అడిగి తెలుసుకున్నాను. ఇన్నేళ్ళకి నాకు తేలిందొకటే. ఇక్కడి హోటలు వంట ఇంట్లోనే పుట్టింది, ఇంటిని చూసే బాగుపడింది.

బడి పిల్లలకు మొదట దొరికిన ఆసరా వారాలు. సోమవారం ఒక ఇల్లు, మంగళవారం మరో ఇల్లు, ఇలా ఏడు రోజులకు ఏడిళ్ళు కుదుర్చుకుని చదువుకునే పేద పిల్లవాడిని వారాలబ్బాయి అనేవారు. ఆ ఇంట్లో ఆవేళ ఏం వండితే అదే వాడికీ విస్తట్లో పడేది. ఏడిళ్ళూ కుదరకపోతే ఆ లోటు రోజున పస్తే. ఎందరో ప్లీడర్లూ పంతుళ్ళూ అలా తిని చదివి పైకొచ్చిన వాళ్ళే. ఒక ఇంటి చారుకీ మరో ఇంటి చారుకీ తేడా వాళ్ళకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని మా పెద్ద మేష్టారు అనేవారు. ఆయనా వారాలు చేసుకున్నవారే.

డబ్బివ్వగలిగినవాళ్ళకి పూటకూళ్ళ ఇళ్ళుండేవి. అది మనకి కొత్త ఏర్పాటు కాదు. వినుకొండ వల్లభరాయుడి పేరున ఉన్న క్రీడాభిరామంలో ఓరుగల్లు పూటకూళ్ళ ఇంట్లో ఒక్క రూకకు దొరికే భోజనం వర్ణన ఉంది. గురజాడ కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ ఒక ముఖ్య పాత్ర. మగదిక్కు లేని ఆడవాళ్ళు, ముఖ్యంగా భర్త పోయిన స్త్రీలు, తమకు తెలిసిన ఒకే ఒక్క విద్యతో బతుకు వెళ్ళదీసిన తీరది. వాళ్ళు అమ్మకానికని వేరే వంట నేర్చుకోలేదు. పప్పు, ఒక కూర, పచ్చడి, చారు, మజ్జిగ, రోజూ ఇంటికోసం వండేదే నలుగురికి ఎక్కువ వండి వెల కట్టారు. ఇప్పటి మెస్సుల్లో వడ్డన వరసా దాదాపు అదే. పేరు మారింది, అరిటాకు స్టీలు పళ్ళెమైంది, పప్పు తర్వాత కూర, ఆపైన చారు, చివర పెరుగు అన్న క్రమం మారలేదు.

ఈ కథలో చెప్పకుండా దాటేయకూడని మాట ఒకటుంది. వారాలైనా, పూటకూళ్ళైనా కులం గీసిన గీటు లోపలే నడిచాయి. తర్వాత వచ్చిన కాఫీ హోటళ్ళలో చాలావాటి బోర్డు మీదే కులం పేరుండేది, లోపల ఎవరు ఎక్కడ కూర్చోవాలో కూడా కులాన్ని బట్టే ఉండేది. దళితులకు లోపల చోటే లేదు. ఆ గీటు చెరపడానికి మా జిల్లాలోనే గట్టి ప్రయత్నాలు జరిగాయి. బందరు హిందూ కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పిన గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు, 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి సహపంక్తి భోజనాలు జరిపించారు. అన్ని కులాల వాళ్ళనూ ఒకే వరసలో కూర్చోబెట్టి అన్నం పెట్టడమే ఆ కార్యక్రమం. ఈరోజు బస్టాండు దగ్గర మెస్సులో పక్కన కూర్చున్నది ఎవరని అడగకుండా తింటున్నామంటే అలాంటి వాళ్ళ శ్రమ వల్లనే. రుచి గురించి రాసేటప్పుడు ఈ సంగతి ముందు రాయాలని నా పట్టుదల.

ఇక మిఠాయి దగ్గరికొస్తే, అది రేవు ఇచ్చిన వరం. గోల్కొండ సుల్తానుల కాలంలో బందరు తూర్పు తీరానికి పెద్ద రేవు. డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో, ఫ్రెంచివాళ్ళు 1669లో ఇక్కడ వర్తక స్థావరాలు పెట్టుకున్నారు. ఇక్కడి అద్దకపు బట్టలు తూర్పు దీవులకు వెళ్ళేవి, అక్కడి నుంచి లవంగం, జాజికాయ, జాపత్రి వచ్చేవి. ఇరాన్ వర్తకులు ఇక్కడ కాపురాలే ఉన్నారు. అలా బయటివాళ్ళు వచ్చి చేరిన ఈ రేవు ఊరికి లడ్డూ, హల్వాల విద్యను బుందేల్‌ఖండ్ వైపు నుంచి వచ్చి స్థిరపడిన బొందిలీలు తెచ్చారని ఊళ్ళో తరతరాలుగా చెప్పుకుంటున్నారు.

లడ్డూ అంటే బూందీ అనుకునేవాళ్ళు బందరులో ఆశ్చర్యపోతారు. ఇక్కడ శనగపిండి కలిపి ముందు పూస వేసి వేయిస్తారు. ఆ పూసను రోట్లో దంచి, జల్లెడ పట్టి, బెల్లం పాకం కలుపుతారు. అసలు పని అప్పుడు మొదలవుతుంది. నెయ్యి పోస్తూ, రోకళ్ళతో మళ్ళీ మళ్ళీ దంచి, పిండీ పాకమూ ఏకమయ్యాక ఏలకుల పొడి వేసి ఉండ కడతారు. అందుకే తొక్కుడు లడ్డూ అన్నారు. మా అత్తగారు కొత్త దుకాణం లడ్డూ తెస్తే ముందు విరిచి వేళ్ళ మధ్య నలిపి చూసేది. బరక తగిలితే "దంచలేదే వీడు" అని పక్కన పెట్టేది. దుకాణంలో ఒక్కరోజు కూడా పని చెయ్యని మనిషి, కానీ సున్నుండలకు మినుములు వేయించి విసిరిన చేయి కనుక ఆ బరక వెంటనే పట్టుకునేది. 2017లో బందరు లడ్డూకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కాగితం పేరును కాపాడుతుంది, రుచిని కాపాడింది మాత్రం మా అత్తగారిలాంటి కొనుగోలుదార్లు.

హల్వాకి ఓపిక ఇంకా ఎక్కువ కావాలి. గోధుమలు నానబెట్టి రుబ్బి, పాలు పిండి, వడగట్టి, పేరుకోనిచ్చి, పైన తేరిన నీళ్ళు వంచేస్తారు. అడుగున మిగిలిన చిక్కటి పాలను బెల్లం పాకంలో పోసి, నెయ్యి వేస్తూ, గంటల తరబడి తెడ్డుతో తిప్పుతారు. చెయ్యి ఆగితే అడుగంటుతుంది. ముదురు రంగు వచ్చి నెయ్యి పైకి తేలినప్పుడు దింపి, చల్లారాక కోస్తారు. నేను ఇంట్లో కొద్దిగానే చేసి చూశాను. ఆ సాయంత్రానికి భుజం లేవలేదు. దుకాణంలో అడిగిన ధర నాకు ఆ తర్వాత ఎన్నడూ ఎక్కువనిపించలేదు.

రేవు మిఠాయినిస్తే కాలువ అన్నాన్ని ఇచ్చింది. 1832-33లో నందన కరువు గుంటూరు, బందరు ప్రాంతాలను తుడిచిపెట్టింది. ఆ తర్వాత ఆర్థర్ కాటన్ సూచనల మీద చార్లెస్ ఆర్ అనే ఇంజనీరు 1852 నుంచి 1855 దాకా బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టాడు. కాలువలు పారిన చోటల్లా జొన్నన్నం తగ్గి వరన్నం పెరిగింది. వరి వెనకాలే మినుము వచ్చింది. కోతకు కొద్దిరోజుల ముందు చేలో తడి ఉండగానే మినుములు చల్లుతారు. కోతయ్యాక మిగిలిన పదునుకీ మంచుకీ ఆ పంట పండుతుంది, వేరే నీరు పెట్టక్కర్లేదు. మా వైపు ఇడ్లీ, గారె, మినపట్టు, సున్నుండ అన్నీ ఈ మాగాణి మినుము చలవే.

గుడివాడ టిఫిన్లకు పేరు రావడానికి మినుము ఒక కారణం, రైలు మరో కారణం. బెజవాడ నుంచి బందరుకు 1908లో రైలు పడింది. 1928లో గుడివాడ నుంచి భీమవరానికి మరో దారి పడేసరికి ఊరు జంక్షనైంది. బండి మారేవాళ్ళు, ధాన్యం బేరగాళ్ళు, మిల్లు పనివాళ్ళు పొద్దున్నే ఆకలితో దిగేవారు. నేను బందరు పాసింజరులో వచ్చి, బడికెళ్ళేముందు స్టేషను దగ్గర ఒక చిన్న టిఫిన్ గదిలో తినేదాన్ని. యజమాని ముందు గదిలో అట్లు పోస్తుంటే, వెనక ఇంట్లో ఆయన భార్య పిండి రుబ్బేది. ఆమెకు ఒంట్లో బాగోని రోజు మా నోటికి తెలిసిపోయేది. "ఇవాళ అమ్మగారు రుబ్బలేదా బాబాయ్?" అని ఎవరో ఒకరు అడిగేవారు. ఆయన దాచకుండా "లేదమ్మా, మిల్లులో పట్టించాను" అనేవాడు.

ఉలవచారు కథ చదువరులకు వివరంగా చెప్పాలి. ఇవాళ పెళ్ళిళ్ళలో, పెద్ద హోటళ్ళలో మీగడ వేసి గొప్పగా వడ్డించే ఈ చారు పుట్టింది పశువుల పాకలో. దుక్కిటెద్దులకు బలం రావాలని రైతులు పెద్ద కుండలో ఉలవలు ఉడికించేవారు. గుగ్గిళ్ళు ఎద్దులకు వెళ్ళేవి, ఉడికిన నీళ్ళు ఇంట్లోకి వచ్చేవి. వాటిలో చింతపండు రసం, ఉప్పు, కారం వేసి సన్నటి సెగ మీద చిక్కబడేదాకా కాచి, వెల్లుల్లి, ఎండుమిర్చి, కరివేపాకుతో తాలింపు పెట్టేవారు. వేడన్నంలో ఉలవచారు, మీద వెన్నపూస వేసుకుంటే ఇంకేదీ అక్కర్లేదు. ట్రాక్టర్లు వచ్చి ఎద్దులు పోయాయి. ఎద్దులతోపాటే పోవలసిన చారుని మొదట ఇల్లాళ్ళు చారు కోసమే ఉలవలు కొని నిలబెట్టారు. హోటళ్ళు దాన్ని ఆ ఇళ్ళ నుంచి అందుకున్నాయి.

దివిసీమ వంట వేరు. కృష్ణ పులిగడ్డ దగ్గర రెండు పాయలై, సముద్రం దాకా ఒక దీవిని చుట్టి ఉంది. కాలువ నీరు పారే చోట వరి, అరటి. చివరన నాగాయలంక, ఎదురుమొండి వైపు మడ అడవులు, ఉప్పుటేర్లు. అక్కడి పీతలకూ, రొయ్యలకూ, పండుగప్పకూ ఒక ప్రత్యేకమైన తీపి ఉంటుంది. మా అమ్మ చేపల పులుసు మట్టిదాకలోనే పెట్టేది. చింతపండు పులుసు ముందు బాగా మరగనిచ్చి, ఆ తర్వాతే ముక్కలు వేసేది. వేశాక గరిటె పెట్టనిచ్చేది కాదు, దాకను గుడ్డతో పట్టుకుని తిప్పేది. పొద్దున పెట్టిన పులుసు రాత్రికి, రాత్రి పెట్టింది పొద్దుటికి తినాలని ఆమె నియమం. వేసవిలో చింతచిగురు, రొయ్యలు. వానాకాలం వేటకు వెళ్ళలేని రోజులకు ఎండుమెత్తళ్ళు, ఎండురొయ్యలు కుండల్లో ఉండేవి.

ఆ కుండలన్నీ ఒక్క రాత్రిలో పోయాయి. సముద్రం మా తీరానికి కొత్తగా చేసిన ద్రోహమేం కాదది. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన బందరులోనూ చుట్టుపట్లా సుమారు 30 వేల మందిని పొట్టనపెట్టుకుంది. 1977 నవంబరు 19న దివిసీమ వంతు వచ్చింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే సుమారు 10 వేల మంది పోయారు. బావుల్లో ఉప్పునీళ్ళు, గాదెల్లో కుళ్ళిన ధాన్యం. బయటివాళ్ళు వచ్చి వండి పెట్టిన అన్నం తిని మా వాళ్ళు బతికారు. ఎవరు వండారు, ఏ కులం అని ఆ రోజుల్లో ఎవరూ అడగలేదు. ఉప్పెన తర్వాత మా అమ్మ ముందు సంపాదించింది ఒక మట్టిదాక, ఒక రోలు. ఇంటి కప్పు ఆ తర్వాత వేశారు.

ఇవాళ అవనిగడ్డలో, నాగాయలంకలో రోడ్డు పక్కన చేపల భోజనం పెట్టే చిన్న మెస్సులున్నాయి. చాలావాటిలో వంట చేసేది ఆ ఇంటి ఆడవాళ్ళే. బాగా నడిచే చోట పులుసు మా అమ్మ పెట్టినట్టే ఉంటుంది. నడవని చోట ఏ ఊళ్ళోనైనా దొరికే ఎర్రటి మసాలా ముద్ద ఉంటుంది. రెంటికీ తేడా తెలిసేది ఇంట్లో పులుసు తిన్న నాలుకకే. నా భయమంతా ఇక్కడే ఉంది. బందరులో, గుడివాడలో ఇళ్ళల్లో రోలు మూలపడింది, దానికి నేను బాధపడను. రుబ్బుడు రోలు దగ్గర ఆడవాళ్ళ నడుములు విరగాలని ఎవరూ కోరకూడదు. కానీ మిక్సీతోనైనా, కుక్కర్లోనైనా, మగవాళ్ళ చేతనైనా ఇంట్లో వంట సాగాలి. సాగకపోతే దంచని లడ్డూని పక్కన పెట్టే మనిషి ఉండదు, మిల్లు పిండిని పట్టుకునే నోరు ఉండదు. అడిగేవాళ్ళు లేని చోట ఏ వంటవాడూ అంత శ్రమ పడడు.

అందుకని మా వైపు వచ్చేవాళ్ళకూ, మావాళ్ళకూ నా మనవి ఇది. బందరులో లడ్డూ కొనేటప్పుడు చక్కెరదా బెల్లందా, దంచిందా మరలో ఆడించిందా అని అడగండి, మంచి దానికి అడిగిన ధర ఇవ్వండి. దివిసీమలో భోజనానికి కూర్చున్నప్పుడు చేప ఏ నీటిదో, పులుసు ఎప్పుడు పెట్టారో అడగండి, వండినామెకు బాగుందని చెప్పి లేవండి. ఇంటికెళ్ళాక వారానికొక్కసారైనా ఉలవచారో, చేపల పులుసో మీ చేత్తో పెట్టి, పక్కన మీ ఆడపిల్లనీ మగపిల్లవాణ్ణీ నిలబెట్టి నేర్పండి.