మైసూరులో పుట్టిన తెలుగు కీర్తన



శ్రీరామనవమి నాడు సుగటూరు వంటి మన ఊళ్ళలో భజన ఎలా సాగుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఒక పక్క పానకం, కోసంబరి పంచుతుంటారు. ఇంకో పక్క హార్మోనియం, కంజీర సర్దుకుంటుంటారు. ఒక పాట కన్నడంలో అయితే దాని వెనుకే మరొకటి తెలుగులో వస్తుంది. ఏది ఏ భాషదని ఆగి చూసేవారుండరు. చాలా ఏళ్ళ కిందట అలాంటి భజనలోనే ఒక కుర్రవాడు ‘బ్రోచేవారెవరురా’ అందుకున్నాడు. పాట ముగిశాక నా పక్కనున్నాయన, ‘‘శంకరాభరణం పాట బాగా పాడినాడప్పా’’ అన్నాడు. వెనుకనున్న పెద్దాయన ఒప్పుకోలేదు. ‘‘సినిమాది కాదప్పా, త్యాగయ్యది’’ అని దిద్దాడు. నేనూ ఆ పెద్దాయన మాటే నిజమనుకుని తల ఊపాను.

ఇద్దరూ పొరబడ్డారు, వారితో పాటు నేనూ పొరబడ్డాను. ఆ కీర్తన రాసినది మైసూరు వాసుదేవాచార్యులు. 1865లో మైసూరులో పుట్టి, 1961లో తొంభై అయిదేళ్ళు నిండాక కన్నుమూశారు. ఆయన కన్నడిగులు. తాను చూసిన సంగీత విద్వాంసులను గురించి ‘నా కండ కలావిదరు’ అన్న పుస్తకం రాసినది కన్నడంలోనే. చదువుకున్నది సంస్కృతం. కీర్తన కట్టవలసి వచ్చేసరికి మాత్రం ఎక్కువగా తెలుగుకూ సంస్కృతానికీ వెళ్ళారు.

ఎందుకు అని మీకు అనిపించవచ్చు. జవాబు గురుపరంపరలో ఉంది. మైసూరులో వీణ పద్మనాభయ్య గారి వద్ద కొంత నేర్చుకున్నాక, చామరాజ ఒడెయరు మహారాజు సహాయంతో ఆయన కావేరీ తీరాన తిరువయ్యారు వెళ్ళి పట్నం సుబ్రహ్మణ్య అయ్యరు గారికి శిష్యులయ్యారు. పట్నం వారి గురువు మానంబుచావడి వెంకటసుబ్బయ్య గారు, ఆయన గురువు సాక్షాత్తూ త్యాగరాజస్వామి. ఆ ఇంట పాట అంటే తెలుగే. గురువుది తమిళదేశం, శిష్యుడిది కన్నడదేశం, మధ్యలో నడిచిన పాఠం తెలుగు. గురువు వద్ద స్వరంతో పాటు ఆ మాటలూ నోటికి వచ్చాయి. మైసూరు ఆస్థానానికి కూడా తెలుగు పాట కొత్త కాదు. చిత్తూరు వైపు నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడిన సదాశివరావు గారు అంతకు ముందే తెలుగు కీర్తనలు కట్టి ఉన్నారు.

ఇక కీర్తన సంగతి. రాగం ఖమాస్, తాళం ఆది. త్యాగయ్యగారి ‘సీతాపతే’ ఈ రాగంలోదే. వాసుదేవాచార్యుల కీర్తనలో చరణం కూడా సరిగ్గా ఆ పిలుపుతోనే మొదలవుతుంది. మన పెద్దాయన పొరబడ్డాడంటే నేను తప్పు పట్టను. అయితే త్యాగయ్యగారి తరువాత ఖమాస్‌ను జావళీలు చేజిక్కించుకున్నాయి. హరికాంభోజిలో లేని కాకలి నిషాదం ఇందులో వచ్చి కూర్చుంది. పట్నం వారే ఖమాస్‌లో జావళీ కట్టారు. ప్రియుడి మీద నాయిక విసుర్లు, అలకలు పలికిన ఆ స్వరాలతోనే శిష్యుడు రాముణ్ణి నిలదీశాడు. ఏనుగును కాచినవాడివి కదా, నా చేయి పట్టుకుని వదలకుండా ఉండలేవా అని అడగడం. చివర ‘వాసుదేవ’ అన్న ముద్ర ఎంత తెలివిగా పెట్టారో గమనించండి. కవి పేరు వేరుగా వినిపించదు, దేవుడి పేరులోనే కలిసిపోతుంది. పాట కట్టినవాణ్ణి లోకం మరిచిపోవడానికి ఇదీ ఒక కారణమేమో!

కచేరీలలో దీన్ని పాడనివారు అరుదు. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారు పాడారు. వీణ మీద, వేణువు మీద వాయిస్తే మాటలుండవు, వినేవాళ్ళే లోపల మాటలు పూరించుకుంటారు.

ఆ తరువాత 1980లో ‘శంకరాభరణం’ విడుదలైంది. కె. విశ్వనాథ్ గారి దర్శకత్వం, కె.వి. మహదేవన్ గారి సంగీతం. ఈ కీర్తనను బాలసుబ్రహ్మణ్యం గారూ, వేలూరులో పుట్టిన వాణీ జయరామ్ గారూ పాడారు. అప్పటికి గనులు ఇంకా నడుస్తున్న కేజీఎఫ్‌లో, కోలారులో, సంగీతం మాకు తెలియదనేవారి నోట కూడా ఖమాస్ పలికింది. మహదేవన్, బాలు, వాణి ముగ్గురికీ జాతీయ బహుమతులు వచ్చాయి. బాలు గారు శాస్త్రీయంగా సంగీతం నేర్చుకున్నవారు కారన్నది మీకు తెలిసినదే.

ఆ సినిమాలో ఒక సన్నివేశం గుర్తు చేసుకోండి. పాటల మాస్టారు ఇదే కీర్తనను హుషారైన సినిమా వరసలోకి తిప్పి నేర్పుతుంటాడు. శంకరశాస్త్రి విని ఆగిపోతాడు. బిడ్డ ఆకలికి అమ్మా అని పిలిచే తీరు వేరు, దెబ్బ తగిలితే పిలిచే తీరు వేరు కదా అని మందలిస్తాడు. ఆ మందలింపు న్యాయమైనదే. అయితే నాకు ఒక చిన్న సందేహం. కచేరీలో నెరవు, స్వరకల్పన చేసి విస్తరించే కీర్తనను కొద్ది నిమిషాలకు కుదించి, వాద్యబృందం చేర్చి అందించింది ఆ సినిమాయే. కాకలి నిషాదం వచ్చిన రోజున ఏ శంకరశాస్త్రి అయినా అడ్డు పడి ఉంటే, ఈ కీర్తన మనం వింటున్న రూపంలో పుట్టేదే కాదు. ఇంత మార్పులోనూ ఆర్తి చెడలేదు. మాస్టారు వరసలో చెడింది అదొక్కటే. తేడా అక్కడ ఉందని నా అభిప్రాయం.

2019లో ఈ పల్లవి మొదటి మాటే పేరుగా ఒక తెలుగు సినిమా వచ్చింది. నవ్వించే సినిమా. ఆ పేరు విన్న కుర్రవాళ్ళలో చాలామందికి శంకరశాస్త్రి కూడా తెలియకపోవచ్చు.

వాసుదేవాచార్యులు ఆ సినిమాలేవీ చూడలేదు. వృద్ధాప్యంలో మద్రాసు కళాక్షేత్రంలో రుక్మిణీదేవి గారి రామాయణ నృత్యనాటకాలకు సంగీతం కూర్చారు. 1959లో పద్మభూషణ్ అందుకున్నారు.

మన జిల్లా నుంచి అటు వెళితే తెలుగువాళ్ళు మనను కన్నడంవాళ్ళంటారు, ఇటు వస్తే తెలుగువాళ్ళంటారు. మీరూ విని ఉంటారు. మరుసటి నవమికి నేను ఆ పెద్దాయన దగ్గరకు వెళ్ళి, అది త్యాగయ్యది కాదు, మైసూరు ఆచార్యులదని చెప్పాను. ఆయన పానకం గ్లాసు కింద పెట్టి, ‘‘మైసూరాయనదా? అయితే మనదే’’ అని, ఆ పాట మళ్ళీ ఒకసారి పాడమని కుర్రవాణ్ణి కేకేశాడు.