హారన్ వినబడని దారి



ఫ్రాన్సు దేశం అనగానే మనకు సెంటు సీసాలూ, ఈఫిల్ టవరూ గుర్తొస్తాయి. ఆ దేశానికి ఇంకో సొమ్ము కూడా ఉంది. ద్రాక్ష తోటల పక్క నుంచి, కాలువల ఒడ్డు నుంచి, చిన్న చిన్న పల్లెల మధ్య నుంచి వందల కిలోమీటర్లు సాగే దారులు అవి. వాటి మీద మోటారు బండి కనబడదు, హారన్ వినబడదు. సైకిళ్ళ వాళ్ళు, నడిచే వాళ్ళు, పసిపిల్లల్ని బండిలో పడుకోబెట్టి తోసుకుపోయే తల్లులు, అంతే. "పొయ్యి మీద పప్పు పొంగుతుంటే మనకెందుకమ్మా ఆ ముచ్చట" అనకండి. ఆ దారులు ఎట్లా పుట్టాయో తెలుసుకుంటే, అటువంటి వాటికి కావలసిన సరంజామా మన నిజామాబాదు జిల్లాలో, బాల్కొండ చుట్టుపక్కలనే ఉందని మీకే తెలుస్తుంది.

ముందుగా ఒక మాట. పూర్వం దారులన్నీ ప్రశాంతంగా ఉండేవని మన పెద్దవాళ్ళు అంటుంటారు. అది సగమే నిజం. పదిహేడవ శతాబ్దంలో టావెర్నియె అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు మన దేశానికి పలుమార్లు వచ్చాడు. ఔరంగాబాదు నుంచి గోల్కొండకు పోయే బాటలో మన ఇందూరు ఉంది, ఇందల్వాయి ఉంది. ఇందూరు అంటే 1905లో నిజామాబాదుగా పేరు మారిన ఊరే. బంజారాల ఎడ్ల బిడారులను చూసి అతను నోరు తెరిచాడు. ఒక్కొక్క బిడారులో పది పన్నెండు వేల ఎడ్లు! బియ్యం మోసేవి కొన్ని, ఉప్పు మోసేవి కొన్ని. ఇరుకు దారిలో అవి ఎదురుపడితే బండ్ల వాళ్ళు రెండు మూడు రోజులు పక్కకు తప్పుకొని కూర్చోవలసి వచ్చేదట. అంటే ట్రాఫిక్ జాము మోటారుతో పుట్టింది కాదన్నమాట! 1667 ప్రాంతంలో తెవెనో అనే మరో ఫ్రెంచి యాత్రికుడు ఇదే దారిన వచ్చి, ఇందల్వాయిలో కత్తులూ బాకులూ తయారవుతున్నాయని రాశాడు. బాల్కొండకు దగ్గరలోని కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. ఉక్కు, ఉప్పు, ధాన్యం, సైన్యం అన్నీ ఆ దారుల మీదనే. మన నాగపూరు రోడ్డు తరువాత ఏడో నంబరు జాతీయ రహదారి అయింది, 2010 నుంచి నలభై నాలుగో నంబరు. ఎడ్లు పోయి లారీలు వచ్చాయి గాని, రద్దీ మాత్రం ఆ దారికి పుట్టుకతో వచ్చిందే.

మరి ఫ్రాన్సులో ఆ నిశ్శబ్దపు దారులు ఎక్కడివి? ఎవరూ పనిగట్టుకుని ప్రశాంతత కోసం మొదలుపెట్టినవి కావు. అన్నీ ఏదో ఒక పని కోసం వేసినవి. ఆ పని వెళ్ళిపోయాక మిగిలినవి.

వాటిలో పేరుమోసింది మిడీ కాలువ. పియెర్ పాల్ రికె అనే ఆయన ఉప్పు పన్ను వసూలు చేసే పెద్ద గుత్తేదారు. తూలూజ్ పట్టణం నుంచి మధ్యధరా సముద్రం దాకా 240 కిలోమీటర్ల కాలువ తవ్వించడానికి 1666లో రాజు అనుమతి తెచ్చుకున్నాడు. సొంత ఆస్తి కూడా అందులో పోశాడు. 1681లో కాలువ తెరిచారు గాని, పాపం రికె అంతకు ముందు ఏడే కన్నుమూశాడు. మనం గుర్తు పెట్టుకోవలసిన విషయం ఒకటుంది. ఆ కాలువ పనిలో పిరనీ కొండల ఆడకూలీలు చాలామంది ఉన్నారు. కొండ ఊళ్ళలో ఊటనీళ్ళను వాలు చూసి, వంపు చూసి ఇళ్ళ దాకా తెచ్చుకునే నేర్పు వాళ్ళ చేతుల్లో ఉండేది. ఆ నేర్పు కాలువకు పనికొచ్చిందని ఈ మధ్య చరిత్రకారులు గుర్తిస్తున్నారు. రికెకు విగ్రహం ఉంది, ఆ ఆడవాళ్ళకు పేర్లు కూడా మిగలలేదు.

కాలువలో పడవలను ఒడ్డున గుర్రాలు తాడుతో లాగేవి. మన గోదావరి డెల్టా కాలువల్లో మనుషులే తాడు భుజాన వేసుకుని లాగినట్టు. గుర్రం నడవాలంటే ఒడ్డు వెంట చదునైన బాట కావాలి. ఎత్తుపల్లాలు ఉండకూడదు, చెట్ల నీడ ఉండాలి. అందుకే బాట వేశారు, తరువాత చెట్లు నాటారు. 1857లో పక్కనే రైలు వచ్చింది. సరుకు మెల్లమెల్లగా రైలెక్కింది. 1980ల నాటికి సరుకు పడవలు ఆగిపోయాయి. గుర్రం నడిచిన బాట మాత్రం ఖాళీగా మిగిలింది. దాని మీదికి సైకిలు వచ్చింది. 1996లో ఆ కాలువను ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించారు.

కాలువను ఓడించిన రైలుకు కూడా ఒకనాడు ముసలితనం వచ్చింది. బస్సులూ కార్లూ పెరిగి, పల్లెల చిన్న రైలు లైన్లు మూతబడ్డాయి. పట్టాలు పీకేస్తే మిగిలిన కట్ట మీద బర్గండీ ప్రాంతంలో, జివ్రీ నుంచి క్లూనీ దాకా, 1997లో ఒక దారి వేసి మోటారు బండ్లకు ప్రవేశం లేదన్నారు. పచ్చదారి అని దానికి పేరు. రైలు కట్ట గనుక ఎక్కుడు పెద్దగా ఉండదు. డెబ్భై ఏళ్ళ అమ్మమ్మ కూడా తొక్కగలదు. చూసిన ఊరల్లా మాకూ కావాలన్నది. 2004లో అటువంటి దారికి చట్టంలోనే చోటు ఇచ్చారు. ఈనాడు లోయార్ నది వెంట సాగే సైకిలు దారి పొడవే సుమారు 900 కిలోమీటర్లు.

ఆ దేశపు ఆడవాళ్ళకు సైకిలు ఊరికే దక్కలేదు సుమా! 1800లో పారిస్ పోలీసు అధికారి ఒక ఆజ్ఞ వేశాడు: ఆడది ప్యాంటు తొడగాలంటే పోలీసుల అనుమతి తెచ్చుకోవాలి. గౌనుతో సైకిలు తొక్కితే చక్రంలో చిక్కుకుంటుందాయె. చివరికి 1892లో, మళ్ళీ 1909లో కొంచెం సడలించారు. చేతిలో సైకిలు హ్యాండిలో, గుర్రం కళ్ళెమో ఉంటే ప్యాంటు తొడగవచ్చునట! దిగి సైకిలు గోడకు ఆనిస్తే మళ్ళీ నేరమేనా అని మనకు నవ్వొస్తుంది. ఆ పాత ఆజ్ఞ ఇక చెల్లదని అక్కడి ప్రభుత్వం 2013లో గాని తేల్చి చెప్పలేదు.

నవ్వుకున్నాం గాని, మన దగ్గర మాత్రం? చీర కుచ్చెళ్ళు చైనులో పడతాయి, పెళ్ళికావలసిన పిల్ల, నలుగురూ చూస్తారు. ఇవేగా మనం విన్న మాటలు. తమ్ముడు కిరాయి సైకిలు తెచ్చి బజారంతా తిరుగుతుంటే అక్క గడపలో నిలబడి చూసేది. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంతో పాటు పల్లెటూరి ఆడవాళ్ళకు సైకిలు నేర్పితే వేలమంది ముందుకొచ్చారు. బీహారులో 2006 నుంచి తొమ్మిదో తరగతి చేరిన ఆడపిల్లలకు సైకిలు కొనుక్కోవడానికి డబ్బు ఇచ్చారు. బడిలో చేరే ఆడపిల్లల సంఖ్య సుమారు 30 శాతం పెరిగిందని పరిశోధకులు లెక్క తేల్చారు. బడి దూరమైన ఊళ్ళలోనే ఆ మేలు ఎక్కువగా కనబడింది.

సైకిలు ఇచ్చారు సరే, అది నడవడానికి దారి ఏది? ఇప్పుడు మన జిల్లాకు వద్దాం.

మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ గారు దాని ఇంజనీరు. నలభై దాకా ఊళ్ళు నీటిలో మునిగాయి. ఆ కాలువ నీళ్ళు 2,75,000 ఎకరాలకు పారాలని లెక్క. బాన్సువాడ, బోధన్, నిజామాబాదు వైపు వరీ చెరుకూ పండాయి. ఆ చెరుకు కోసమే 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది, శక్కర్‌నగర్ వెలిసింది. ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతబడింది గాని, కాలువ పారుతూనే ఉంది. ఇక బాల్కొండ వైపు చూస్తే, పోచంపాడు దగ్గర గోదావరి మీద శ్రీరాంసాగర్. 1963 జులై 26న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. అక్కడి నుంచి బయలుదేరే కాకతీయ కాలువ పొడవు 284 కిలోమీటర్లు. మిడీ కాలువ కన్నా పెద్దది! ఆ మట్టి పనుల్లో తట్టలు మోసిన మన ఆడకూలీల పేర్లు కూడా ఏ శిలాఫలకం మీదా లేవు.

ప్రతి పెద్ద కాలువకూ ఒక కట్ట ఉంటుంది, కట్ట మీద బాట ఉంటుంది. ఇంజనీర్ల జీపు తిరగడానికి, లష్కరు వచ్చి తూములు చూసుకోవడానికి వేసింది అది. నీటి వాలుతో పోతుంది గనుక ఎక్కుడు ఉండదు. ఒక పక్క నీళ్ళు, ఒక పక్క పసుపు చేలూ మక్క చేలూ. రైతులు మడికి పోతారు, ఆడవాళ్ళు నాట్లకు పోతారు. ఫ్రాన్సు వాళ్ళు డబ్బు పోసి తయారుచేసుకున్న దానిలో ముప్పాతిక మనకు వట్టినే ఉంది.

మిగిలిన పాతిక ఏమిటంటారా? అక్కడే అసలు చిక్కు. అక్కడి ఆమెకు నిశ్శబ్దపు దారి సెలవుల సరదా. మన పిల్లకు నిశ్శబ్దపు దారి అంటే భయం. పెద్దరోడ్డు మీద పంపితే లారీ భయం, కాలువ కట్ట మీద పంపితే ఒంటరి భయం. రెండు భయాల మధ్య నలిగి, "ఏడో తరగతి చాలులే" అని చదువు ఆపించిన తల్లులను నేను ఎరుగుదును. వాళ్ళను తప్పు పట్టలేను. అందుకని ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. మనకు కావలసింది బండ్లు లేని దారి. మనుషులు లేని దారి కాదు. ఫ్రాన్సు పచ్చదారిలో ధైర్యం ఎక్కడిదంటే, నడిచే ముసలివాళ్ళూ, తొక్కే పిల్లలూ, దారి పొడవునా ఊళ్ళూ ఉండబట్టే. హైదరాబాదులో 2023 అక్టోబరులో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారి తెరిచారు, పైన సౌర ఫలకల నీడతో. పట్నానికి దక్కిన ముచ్చట పల్లెకు ఎందుకు దక్కకూడదు?

పెద్ద ఖర్చేమీ కాదు. ఊరి నుంచి బడి దాకా ఉన్న కట్ట ముక్కకు రెండు కొసలా రాళ్ళు పాతి లారీలనూ టిప్పర్లనూ ఆపాలి. జీపు, రైతుల బండి పోయే ఏర్పాటు ఎట్లాగూ ఉండాలి. కాలువ వైపు కడీలు గాని గోడ గాని తప్పనిసరి. నిండుగా పారే కాలువలో పడితే ఈత వచ్చినవాళ్ళకు కూడా గట్టెక్కడం కష్టం. ఊరి దగ్గర నాలుగు దీపాలు, నాలుగు కానుగ చెట్లు. అవి లేనంతవరకు పిల్లల్ని ఒంటరిగా, చీకటి వేళ కట్ట మీదికి పంపకండి. పదిమంది ఆడపిల్లలు జట్టుగా పోతే ఆ జట్టే ఒక కాపలా.

ఈ మాట గ్రామసభలో అడగవలసింది మనమే. గుర్రం కోసం వేసిన బాట ఫ్రాన్సు ఆడవాళ్ళకు దారి అయినప్పుడు, లష్కరు కోసం వేసిన కట్ట మన పిల్లలకు బడిదారి కాకూడదా? ఆలోచించండి. మీ ఊరి మహిళా మండలిలో మాట్లాడండి.

సెలవు.