ఇన్‌సైట్ (అంగారక ల్యాండర్)

ఇన్‌సైట్ అంగారక గ్రహం లోపలి పొరలను అధ్యయనం చేయడానికి అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పంపిన ల్యాండర్. 2018 మే 5న నింగికెగసి, అదే ఏడాది నవంబరు 26న గ్రహ మధ్యరేఖకు చేరువలోని ఎలీసియం ప్లానిషియా మైదానంలో దిగింది. రోవర్ల మాదిరిగా దీనికి చక్రాలు లేవు. కదలకుండా ఒకేచోట ఉండి నేల ప్రకంపనలు వినడం దీని ప్రధాన పని.

ప్రయోగం 2016 మార్చిలోనే జరగాల్సింది. దీనికి ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థ సమకూర్చిన ప్రకంపన మాపకం (సీస్మోమీటర్) హైడ్రోజన్ పరమాణువు కన్నా చిన్న కదలికనూ పసిగట్టగలదు. అందుకు దాని సెన్సర్లు గాలి లేని గోళంలో ఉండాలి. ఆ గోళంలో లీకు బయటపడింది. మరమ్మతు చేశాక కూడా మళ్లీ కనిపించడంతో 2015 డిసెంబరులో ప్రయోగాన్ని ఆపేశారు. భూమి, అంగారకుడు ప్రయాణానికి అనువుగా వచ్చేది సుమారు 26 నెలలకోసారి కాబట్టి, కొద్ది నెలల మరమ్మతుకు రెండేళ్లు ఆగక తప్పలేదు. ఈలోగా నాసాకు చెందిన జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ ఆ గోళాన్ని కొత్తగా రూపొందించింది.

గ్రహాంతర నౌకలను అమెరికా సాధారణంగా ఫ్లోరిడా నుంచి పంపుతుంది. తూర్పు దిశగా ఎగిరితే భూభ్రమణ వేగం కలిసొస్తుంది. శ్రీహరికోటకూ ఉన్న అనుకూలత ఇదే. ఇన్‌సైట్ మాత్రం పశ్చిమ తీరాన, కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్ నుంచి బయల్దేరింది. అక్కడి నుంచి గ్రహాంతర యాత్ర మొదలవడం అదే తొలిసారి. నౌక తేలిక, అట్లాస్-5 రాకెట్ బలమైనది కనుక భూమి సాయం లేకపోయినా సరిపోయింది. తెల్లవారుజామున 4:05కి రాకెట్ లేచింది. దట్టమైన పొగమంచులో, చూడ్డానికి వచ్చినవారికి దక్కింది చాలావరకు దాని హోరే. వెంట వెళ్లిన మార్కో జంట బుల్లి ఉపగ్రహాలు, ల్యాండర్ దిగుతుండగా దాని సంకేతాలను భూమికి చేరవేశాయి.

1976లో దిగిన వైకింగ్ ల్యాండర్లలోనూ సీస్మోమీటర్లు ఉన్నాయి. ఒకటి పనిచేయలేదు. రెండోది ల్యాండర్ పైభాగాన ఉండటంతో ఎక్కువగా గాలి కుదుపులనే నమోదు చేసింది. అందుకే ఇన్‌సైట్ తన రోబో చేతితో పరికరాన్ని నేలమీద పెట్టి, గాలి, వేడి, చలి తగలకుండా పైన కవచం కప్పింది. అంత జాగ్రత్త వృథా కాలేదు: 2019 ఏప్రిల్ 6న తొలి ప్రకంపన అందింది. మొత్తం 1,300కు పైగా నమోదయ్యాయి. వాటిలో పెద్దది 2022 మే 4న వచ్చింది, తీవ్రత 4.7.

ఇన్‌సైట్‌లోని మరో పరికరం, జర్మనీ తయారుచేసిన ఉష్ణమాపకం కథ వేరు. సుత్తిపోట్లతో తనను తానే దింపుకుంటూ 5 మీటర్ల లోతుకు వెళ్లాల్సిన మేకు అది. గట్టి పట్టునిచ్చే మట్టి చుట్టూ లేక అక్కడే ఎగిరెగిరి పడింది. రోబో చేతితో అదిమి చూసినా దాని పైకొన ఉపరితలం కింద కొన్ని సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోయింది. 2021 జనవరిలో ఆ ప్రయత్నం విరమించారు.

సౌర ఫలకాలపై దుమ్ము పేరుకుని విద్యుత్తు తగ్గిపోగా, 2022 డిసెంబరు 21న యాత్ర ముగిసినట్టు నాసా ప్రకటించింది. విశ్లేషణ మాత్రం ఆగలేదు. గ్రహ కేంద్రకం వ్యాసార్థం దాదాపు 1,830 కిలోమీటర్లని 2021లో లెక్కగట్టారు. ఉల్కాపాతం పుట్టించిన తరంగాలను మళ్లీ పరిశీలించాక, కేంద్రకం చుట్టూ కరిగిన సిలికేట్ పొర ఉందని, దాన్నీ కలిపి కొలవడం వల్లే అది పెద్దదిగా కనిపించిందని 2023లో రెండు పరిశోధక బృందాలు తేల్చాయి. ఆ లెక్కల్లో వ్యాసార్థం 1,650–1,675 కిలోమీటర్లకు తగ్గింది.