కరెంటు పోతే కంప్యూటరుకు ఏం గుర్తుంటుంది?



పాలక్కోడు వైపు టమాటా మండీ నడిపే మా బంధువు ఒకాయన చాలా ఏళ్ల క్రితం మొదటిసారి డెస్క్‌టాప్ కంప్యూటరు కొన్నాడు. ఒక సాయంత్రం రెండు గంటలు కూర్చుని రైతుల పేర్లు, పెట్టెల లెక్క, ఇవ్వవలసిన డబ్బు అన్నీ ఎక్కించాడు. అంతలో కరెంటు పోయింది. తిరిగి వచ్చాక చూస్తే ఒక్క అంకె లేదు. "మా తాత నాటి చిట్టా పుస్తకం ఏనాడూ ఇలా చెయ్యలేదే!" అన్నాడు. తెల్లవారితే రైతులు వస్తారు, వాళ్లకు ఏం చెప్పాలి?

ఆ లెక్క ఎక్కడికి పోయిందో తెలియాలంటే డబ్బా విప్పి చూడాలి. లోపల వెడల్పుగా పరచుకున్న పలక మదర్‌బోర్డు. మిగతా భాగాలన్నీ దీనికే తగులుకొని ఉంటాయి. చిన్న ఫ్యాను కింద దాగినది ప్రాసెసరు, లెక్కలు చేసేది అదే. దాని పక్కన నిలువుగా గుచ్చిన సన్నని పట్టీలు ర్యామ్. మూలనున్న ఇనుప పెట్టె, గోడలోంచి వచ్చే 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులకు తగ్గించి పంచుతుంది. మన బంధువు రాసిన లెక్క ఆ సాయంత్రమంతా ర్యామ్‌లోనే ఉంది. ర్యామ్‌కు కరెంటు ఉన్నంతసేపే జ్ఞాపకం.

విచిత్రం ఏమిటంటే, పాతకాలపు కంప్యూటర్లు ఇంత మతిమరుపువి కావు. 1960లో బొంబాయి టాటా పరిశోధన సంస్థలో ఆర్. నరసింహన్ బృందం టిఫ్రాక్ అనే యంత్రాన్ని సిద్ధం చేసింది. దాని జ్ఞాపకం 2,048 పదాలు, ఒక్కో పదానికి 40 బిట్లు. ఒక్కో బిట్టుకు ఫెర్రైట్ అనే అయస్కాంత పదార్థంతో చేసిన ఒక చిన్న ఉంగరం. పూసలు గుచ్చినట్టు అలాంటి ఉంగరాలను సన్నని తీగల మీద గుచ్చేవారు. లెక్కవేస్తే 80 వేలు దాటుతాయి. కరెంటు పోయినా ఉంగరంలోని అయస్కాంతం పోదు కదా! 1969లో హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్. తయారుచేసిన టి.డి.సి.-12 కూడా ఆ తరం యంత్రమే. ఆ సంస్థను 1967లో నిలబెట్టిన ఎ.ఎస్. రావుగారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టినవారు.

అయితే అన్ని ఉంగరాలు గుచ్చడం ఖరీదైన పని. అమెరికాలో రాబర్ట్ డెన్నార్డ్ ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరుతోనే ఒక బిట్టును నిలిపే ఉపాయం కనిపెట్టి, 1968లో పేటెంటు పొందాడు. 1970లో ఇంటెల్ కంపెనీ 1,024 బిట్లు పట్టే చిప్పును బజారులో పెట్టింది. ధర తగ్గింది, పరిమాణం తగ్గింది. కానీ కెపాసిటరులోని విద్యుత్తు ఓటికుండలో నీళ్లలాంటిది, కారిపోతూనే ఉంటుంది. అందుకే సెకనుకు ఎన్నోసార్లు తిరిగి నింపుతూ ఉండాలి. కరెంటు లేకపోతే నింపేదెవరు? చౌకదనానికి మనం చెల్లించిన మూల్యం ఈ మరుపే అని నా అభిప్రాయం.

అందుకే పక్కన హార్డ్ డిస్క్ కావలసి వచ్చింది. 1956లో ఐ.బి.ఎం. తెచ్చిన మొదటి డిస్క్ యంత్రంలో 50 పళ్లేలు ఉండేవి, అన్నీ కలిపి 50 లక్షల అక్షరాలు పట్టేవి. ఈనాడు చాలా కంప్యూటర్లలో తిరిగే పళ్లేలు కూడా లేవు, ఎస్.ఎస్.డి. అనే చిప్పులు విద్యుత్తును బయటికి పోనివ్వకుండా బంధించి ఉంచుతాయి. రెండింటిలో ఏదైనా సరే, మనం 'సేవ్' నొక్కితేనే లెక్క ర్యామ్ నుంచి అక్కడికి చేరుతుంది. కొన్ని ప్రోగ్రాములు తామే భద్రపరుస్తాయి, అన్నీ కాదు.

మా బంధువు ఆ రాత్రి రైతులు తెచ్చిన చీటీలు వెతికి పట్టుకుని, మళ్లీ మొదటి నుంచి ఎక్కించాడు. ఈసారి పది పేర్లకొకసారి సేవ్ చేస్తూ. తర్వాత వారమే ఒక యు.పి.ఎస్. కొన్నాడు. అయినా చిట్టా పుస్తకం మాత్రం మానలేదు.