ఊరేగింపుకు దారి

పండుగలు దగ్గర పడుతున్న కొద్దీ మన మారిషస్‌లో ఏటా ఒక ప్రశ్న వినవస్తుంది. ఊరేగింపుల కోసం ప్రభుత్వం రోడ్లు మూసివేయడం న్యాయమేనా? బస్సులు ఆలస్యమవుతాయనీ, అంగళ్లలో బేరాలు పోతాయనీ, రోగిని ఆసుపత్రికి తీసుకుపోయే దారి ఉండదనీ కొందరు అంటారు. ఏడాదికొక్క రోజు దేవుడికి దారి విడవలేరా అని మరికొందరు అంటారు. ఇరు పక్షాల మాటల్లోనూ నిజం ఉన్నది. అయితే తీర్పు చెప్పే ముందు, ఈ దారులతో మన పూర్వులకు గల సంబంధం ఎటువంటిదో తెలుసుకోవడం అవసరం.

మన పెద్దలు వచ్చిన సీమలో గుడికీ వీధికీ విడదీయరాని బంధం ఉంది. దేవుడు ఏడాది పొడుగునా గర్భగుడిలో ఉన్నా, ఉత్సవం నాడు తానే వాహనమెక్కి జనం మధ్యకు వస్తాడు. తిరుమలలో గుడి చుట్టూ ఉన్న మాడవీధులు అందుకు ఏర్పడినవే. మనం ఇంటింటా కొలిచే సింహాద్రి అప్పన్న కొండ చుట్టూ ఆషాఢ పౌర్ణమి వేళ భక్తులు సుమారు 32 కిలోమీటర్లు కాలినడకన గిరి ప్రదక్షిణ చేస్తారు. ఆ దారిలో చాలా భాగం నేటి విశాఖపట్నం నగర వీధులే. పెద్ద నగరమైనా ఆ రోజు వాహనాలను మళ్లించి నడిచేవారికి చోటిస్తుంది.

ఈ అలవాటుతో ఓడ ఎక్కినవారికి ఇక్కడ ఎదురైన దారి వేరు. 1834లో ఒప్పంద కూలీల రాక మొదలైంది. తరువాతి సంవత్సరాలలో కోరంగి రేవు నుంచి కూడా ఓడలు వచ్చాయి. ఆ రేవు పేరే ఇక్కడ తెలుగువారికి పేరుగా నిలిచింది. 1867లో వచ్చిన చట్టం ఒప్పందం తీరిన కూలీని కూడా విడిచిపెట్టలేదు. ఫోటో అతికించిన పాసు ఎప్పుడూ వెంట ఉండాలి. తన జిల్లా దాటి వెళ్లాలంటే అనుమతి కావాలి. అవి చూపలేకపోతే దేశదిమ్మరి అని పట్టుకుని శిక్షించేవారు. చుట్టాన్ని చూడబోయినవాడూ, పని వెతుక్కుంటూ బయలుదేరినవాడూ ఆ దారి మీదనే పోలీసుల చేత చిక్కారు.

ఈ అన్యాయాన్ని ఎదిరించినవాడు అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తోటల యజమాని. 1871లో 9,401 మంది కూలీల సంతకాలతో గవర్నరుకు అర్జీ పెట్టాడు. అందుకు తోటి యజమానుల ద్వేషానికి గురై దెబ్బలు కూడా తిన్నాడు. ఆ అర్జీ ఫలితంగా 1872లో రాయల్ కమిషన్ వచ్చి, 1875లో తన నివేదికలో కూలీల కష్టాలను బయటపెట్టింది. 1878లో చట్టం మారింది. ఆ తరువాతనే పట్టు నెమ్మదిగా సడలింది.

ఈ నేపథ్యంలో 1898 నాటి సంఘటనను చూడాలి. ఆ ఏడు మహాశివరాత్రికి ట్రియోలే నుంచి కొందరు భక్తులు గ్రాండ్ బాసిన్ సరస్సుకు కాలినడకన బయలుదేరారు. ఉత్తరాన ఉన్న ఊరి నుంచి దక్షిణాన కొండల మధ్య ఉన్న చెరువుకు, అంటే దీవిని అడ్డంగా దాటి నడిచారు. తండ్రుల కాలంలో పాసు లేనిదే నడవలేని దారి అది. నేడు గంగా తలావ్ అని పిలుచుకునే ఆ చెరువుకు ఏటా లక్షల మంది వెళుతున్నారు. అందులో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి.

అందరికీ ఇంత సులువుగా దారి దొరకలేదు. త్రినిదాద్ దీవిలో మన వంటి కూలీలే ఏటా మొహర్రం తాబూతులను మోసుకుంటూ పట్టణం గుండా సముద్రానికి వెళ్లేవారు. మన సీమలో పీర్ల పండుగ వలెనే అక్కడా హిందువులు ముస్లింలతో కలిసి నడిచేవారు. 1884లో ప్రభుత్వం ఆ ఊరేగింపులు పట్టణాలలో అడుగుపెట్టరాదని ఉత్తర్వు చేసింది. సుఖూ అనే హిందువు ముందుండి పెట్టిన అర్జీని తోసిపుచ్చింది. ఆ సంవత్సరం అక్టోబరు 30న శాన్ ఫెర్నాండో పొలిమేరకు వచ్చిన ఊరేగింపుల మీద కాల్పులు జరిగాయి. పలువురు చనిపోయారు. ఎందరో గాయపడ్డారు. అయినా ఆచారం చావలేదు. రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోని సెయింట్ జేమ్స్ వీధులలో హోసే ఊరేగింపు ఇప్పటికీ జరుగుతున్నది.

కనుక పండుగకు దారి విడవడమంటే నగరం తన ప్రజలను తనవారిగా ఒప్పుకోవడం. ఇది చాలా వెల చెల్లించి సంపాదించిన హక్కు. అందుచేతనే దాన్ని జాగ్రత్తగా వాడుకోవాలి. 2024 మార్చిలో శివరాత్రి యాత్రలో ఒక పెద్ద కాంవర్ విద్యుత్తు తీగలకు తగిలి ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. తొలి యాత్రికులు భుజాన మోయగలిగినంతే మోశారు. కాంవర్ ఎత్తుకు హద్దు పెడితే భక్తికేమీ లోటు రాదు. అంబులెన్సుకు ఒక పక్క ఖాళీ ఉంచడం, చెప్పిన వేళకు రోడ్డు తిరిగి అప్పగించడం, చెత్త మనమే ఎత్తివేయడం కూడా పండుగలో భాగమే.

సింగపూరు అనుభవం ఇక్కడ పనికివస్తుంది. 1964 అల్లర్ల తరువాత అక్కడ మతపరమైన పాదయాత్రలను సాధారణంగా అనుమతించడం లేదు. తైపూసం వంటి కొన్ని పండుగలకు మాత్రం మినహాయింపు ఉంది. సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ గుడి నుంచి ట్యాంక్ రోడ్డు గుడి దాకా కావడులు సాగుతాయి. 1973లో దారి పొడుగునా వాద్యాలను నిషేధించారు. భక్తుల విన్నపాలతో, సంప్రదింపులతో 2016లో కొన్ని చోట్ల ప్రత్యక్ష వాద్యానికి మళ్లీ అనుమతి వచ్చింది. ఓపికతో మాట్లాడుకుంటే మూసిన తలుపు కొంతైనా తెరుచుకుంటుందనడానికి ఇదొక నిదర్శనం.

మరొక మాట. మనకు విడిచిన దారి అందరికీ విడవాలి. సెప్టెంబరులో పేర్ లావాల్ సమాధికి సెంత్‌క్రువా నడిచేవారికీ, పోర్ట్ లూయిస్‌లో మొహర్రం గూన్ మోసేవారికీ, చైనా సోదరుల సింహ నృత్యానికీ వీధి మీద మనకున్నంత హక్కు ఉన్నది. వారి పండుగ నాడు మన బస్సు గంట ఆలస్యమైతే విసుక్కోకుండా దిగి నడుద్దాం. పాసు చూపనిదే అడుగు కదపలేని రోజులను చూసిన తాతల మనుమలం మనం. ఇంకొకరికి దారి విడవడం ఎంత పెద్ద సంగతో మన పిల్లలకు మనమే చెప్పాలి.