మిల్లులో పెరిగిన ఆట, కాలేజీ వదిలేసిన ఆట

1869 నవంబరు 6న న్యూజెర్సీలోని న్యూ బ్రన్స్‌విక్‌లో రట్గర్స్, ప్రిన్స్‌టన్ కాలేజీల కుర్రాళ్లు ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడారు. జట్టుకు పాతికమంది. బంతిని తన్నొచ్చు, పట్టుకుని పరిగెత్తకూడదు. రట్గర్స్ 6-4తో గెలిచింది. అమెరికన్ ఫుట్‌బాల్ అభిమానులు తమ ఆటకు ఇదే తొలి మ్యాచ్ అంటారు. నిజానికి ఆ రోజు ఆడిన ఆట లండన్ ఫుట్‌బాల్‌కే దగ్గర చుట్టం. లండన్‌లో ఫుట్‌బాల్ అసోసియేషన్ పుట్టి అప్పటికి ఆరేళ్లే అయింది.

అంటే అట్లాంటిక్‌కు ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా ఆట దాదాపు ఒకే కాలంలో మొదలైంది. కానీ 2022 దాకా జరిగిన 22 పురుషుల ప్రపంచకప్పుల్లో యూరప్ దేశాలు 12 గెలిస్తే, అమెరికా ఒక్కసారి కూడా ఫైనల్ చేరలేదు. జనానికి కొదవలేదు, డబ్బుకు అంతకన్నా లేదు. తేడా ఎక్కడొచ్చిందో తెలియాలంటే ఆట ఎవరి చేతుల్లో పెరిగిందో చూడాలి.

శనివారం మధ్యాహ్నం

1863 అక్టోబరు 26న లండన్‌లోని ఫ్రీమేసన్స్ టావర్న్‌లో ఫుట్‌బాల్ అసోసియేషన్ (ఎఫ్‌ఏ) ఏర్పడింది. బంతిని పట్టుకుని పరిగెత్తడం, ఎదుటివాడి కాళ్లమీద తన్నడం ఉండాలా వద్దా అని వారాల తరబడి వాదనలు నడిచాయి. వద్దని తేలడంతో బ్లాక్‌హీత్ క్లబ్ విడిపోయింది. అప్పటికి ఇది పెద్దింటి బడుల్లో చదివిన బాబుల ఆట.

దాన్ని కార్మికుల ఆటగా మార్చింది శనివారం సెలవు. 1850 ఫ్యాక్టరీ చట్టం బట్టల మిల్లుల్లో ఆడవాళ్లకు, చిన్న వయసువాళ్లకు శనివారం మధ్యాహ్నం 2 గంటలకల్లా పని ఆపాలంది. వాళ్లు లేకుండా మిల్లు నడవదు కాబట్టి మగవాళ్లకూ తీరిక దొరికింది. మిగతా పరిశ్రమలూ ఆ బాట పట్టాయి. 1878లో న్యూటన్ హీత్ రైల్వే కార్మికులు పెట్టుకున్న జట్టే ఇవాళ్టి మాంచెస్టర్ యునైటెడ్. 1886లో వూలిచ్ ఆయుధ కర్మాగారంలో పుట్టినది ఆర్సెనల్. 1895లో థేమ్స్ ఒడ్డున ఓడలు కట్టే కంపెనీలో మొదలైన జట్టు వెస్ట్ హామ్ అయింది.

1883 ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో మిల్లు ఊరి జట్టు బ్లాక్‌బర్న్ ఒలింపిక్, ఈటన్ బడి పూర్వవిద్యార్థుల జట్టును 2-1తో ఓడించింది. రెండేళ్లకు ఆటగాళ్లకు జీతాలివ్వడం చట్టబద్ధమైంది. 1888లో 12 క్లబ్బులతో ఫుట్‌బాల్ లీగ్ మొదలైంది. 1898 నుంచి అడుగున మిగిలిన జట్లు కింది డివిజన్‌కు దిగడం, కింద గెలిచినవి పైకి రావడం స్థిరపడింది. ఈ ఒక్క నియమంతో చిన్న ఊరి క్లబ్బుకూ శిఖరానికి దారి తెరుచుకుంది. 2009లో మూడో అంచెలో ఉన్న లెస్టర్ సిటీ 2016లో ఇంగ్లండ్ చాంపియన్ అయిందంటే ఆ దారి ఇంకా తెరిచే ఉందన్నమాట.

ఇంగ్లిష్ వర్తకులు, ఇంజనీర్లు, నావికులు ఆటను ఓడరేవుల మీదుగా యూరప్‌కు చేర్చారు. 1893లో జెనోవాలో ఆంగ్లేయులు క్లబ్బు పెట్టారు. 1899లో బార్సిలోనా క్లబ్బును స్థాపించిన హాన్స్ గాంపర్ స్విట్జర్లాండ్‌వాడు. 1904లో పారిస్‌లో ఫిఫా పుట్టింది. క్లబ్బు ఊరిది, ఊరు క్లబ్బుది. తండ్రి జట్టే కొడుకు జట్టు. అక్కడ అభిమానమంటే ఇదే. వింబుల్డన్ క్లబ్బును మిల్టన్ కీన్స్‌కు తరలించేందుకు అనుమతి వచ్చిన 2002లోనే అభిమానులు ఏఎఫ్‌సీ వింబుల్డన్ అనే కొత్త క్లబ్బు పెట్టుకున్నారు. అట్టడుగు లీగుల నుంచి మొదలుపెట్టి, 2011కల్లా దాన్ని ఫుట్‌బాల్ లీగ్‌లోకి చేర్చారు.

హార్వర్డ్ మలుపు

అమెరికాలో ఆట కాలేజీల చేతుల్లో ఉండిపోయింది. 1873లో ప్రిన్స్‌టన్, యేల్, రట్గర్స్, కొలంబియా కలిసి తన్నే ఆటకు నియమాలు రాసుకున్నాయి. హార్వర్డ్ రాలేదు. దానికి బంతి పట్టుకుని పరిగెత్తే సొంత ఆట ఉంది. 1874లో కెనడా నుంచి వచ్చిన మెగిల్ యూనివర్సిటీతో ఆడి రగ్బీ రుచి మరిగింది. మరుసటి ఏడు యేల్‌నూ అటు లాగింది. 1876లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో సమావేశమైన కాలేజీలు రగ్బీ నియమాలకే ఓటేశాయి. ఆ తర్వాత యేల్‌కు చెందిన వాల్టర్ క్యాంప్ దాన్ని సొంత ఆటగా మలిచాడు. చదువుకున్న అమెరికా, ఆ చదువుల గురించి రాసే పత్రికలు, డబ్బున్న పూర్వవిద్యార్థులు అంతా కోల బంతి వెంట నడిచారు.

గుండ్రటి బంతి మాత్రం వలస కార్మికుల దగ్గర బతికింది. న్యూజెర్సీలోని కెర్నీకి స్కాట్లండ్ నుంచి క్లార్క్ దారం కంపెనీ వచ్చింది, వెంట స్కాట్ కార్మికులూ వచ్చారు. మసాచుసెట్స్‌లోని ఫాల్ రివర్‌ను లాంకషైర్ నేతగాళ్లు ఫుట్‌బాల్ ఊరు చేశారు. 1921లో అమెరికన్ సాకర్ లీగ్ మొదలైంది. స్కాట్లండ్ ఆటగాళ్లు మెరుగైన జీతాల కోసం ఓడలెక్కి వచ్చేవారు. 1926లో వియన్నా నుంచి వచ్చిన హకోవా జట్టును చూడటానికి న్యూయార్క్ పోలో గ్రౌండ్స్‌లో సుమారు 46,000 మంది చేరారు.

ఆ బలం 1930 తొలి ప్రపంచకప్‌లో కనిపించింది. అమెరికా బెల్జియంనూ పరాగ్వేనూ 3-0తో ఓడించి సెమీస్ చేరింది. పరాగ్వేపై ఫాల్ రివర్ కుర్రాడు బెర్ట్ పాటెనాడ్ కొట్టినవే ప్రపంచకప్ చరిత్రలో తొలి హ్యాట్రిక్. ఫిఫా ఆ మాటను 2006లో గానీ ఒప్పుకోలేదు. ఆ ప్రపంచకప్ నాటికే లీగ్‌కూ జాతీయ సమాఖ్యకూ 1928లో మొదలైన తగవు ఆటను చీల్చేసింది. పైన ఆర్థిక మాంద్యం వచ్చిపడి మిల్లులు మూతపడ్డాయి. మిల్లులతో పాటే జట్లూ పోయాయి.

1950 జూన్ 29న బ్రెజిల్‌లోని బెలో హొరిజొంటెలో అమెరికా 1-0తో ఇంగ్లండ్‌ను ఓడించి లోకాన్ని నివ్వెరపరిచింది. గోల్ కొట్టిన జో గేజెన్స్ హైతీలో పుట్టి, న్యూయార్క్‌లో చదువుకుంటూ హోటల్లో అంట్లు తోమేవాడు. గోల్‌కీపర్ ఫ్రాంక్ బోర్గీ శవవాహనం నడిపేవాడు. వాల్టర్ బార్ బడిపంతులు. ఒక్క మధ్యాహ్నం గెలవడానికి పదకొండుమంది పట్టుదల చాలింది. వెనక వ్యవస్థ లేకపోవడంతో అమెరికా మళ్లీ ప్రపంచకప్ ముఖం చూడటానికి 40 ఏళ్లు పట్టింది.

టికెట్ కొనుక్కునే లీగ్

1975లో న్యూయార్క్ కాస్మోస్ క్లబ్బు పెలేను తెచ్చింది, ఆ తర్వాత బెకెన్‌బావర్‌ను తెచ్చింది. స్టేడియాలు నిండాయి. కాస్మోస్ ఆడిన లీగ్‌కు కింద వేళ్లు లేవు, అది 1984 సీజన్‌తో ఆగిపోయింది. 1994 ప్రపంచకప్‌ను ఇస్తూ ఫిఫా పెట్టిన షరతు, అమెరికాలో మొదటి శ్రేణి లీగ్ ఉండాలని. అలా 1996లో 10 జట్లతో మేజర్ లీగ్ సాకర్ వచ్చింది. పాత లీగ్ దివాలా చూసిన యజమానులు జట్లను విడివిడి వ్యాపారాలుగా కాక ఒకే సంస్థలో వాటాలుగా పెట్టుకున్నారు. ఇందులో ఎవరూ కిందికి దిగరు, కింద గెలిచి ఎవరూ పైకి రారు. కొత్త ఊరు చేరాలంటే రుసుము కట్టాలి. సాన్ డియాగో 2025లో అడుగుపెట్టడానికి 50 కోట్ల డాలర్లు చెల్లించింది.

ఈ ఏర్పాటులో లీగ్ నిలిచింది గానీ, పిల్లల శిక్షణ భారం చాలా కాలం తల్లిదండ్రుల మీదే పడింది. యూరప్‌లో చిన్న క్లబ్బు ఒక కుర్రాణ్ని తయారుచేస్తే, అతను పెద్ద క్లబ్బుకు వెళ్లినప్పుడు ఆ డబ్బులో వాటా వస్తుంది. కాబట్టి పేదింటి పిల్లవాడికి ఉచితంగా నేర్పించడం దానికి లాభం. అమెరికాలో ఆ వాటా చేతికందకపోవడంతో క్లబ్బులు ఫీజులతోనే బతికాయి. ఆట శివారు కాలనీల మధ్యతరగతి వారాంతమైంది. డల్లాస్ శివార్లలో, న్యూజెర్సీలో పిల్లల్ని శనివారం సాకర్‌కు తీసుకెళ్లే మన తెలుగువాళ్లకూ ఆ ఫీజుల సంగతి తెలిసిందే.

పద్దెనిమిదేళ్లు దాటాక మళ్లీ కాలేజీ. అక్కడ అసలు సీజన్ శరదృతువులో మూడు నెలలే. అదే వయసు యూరప్ కుర్రాడు ఏడాది పొడవునా పెద్దవాళ్లతో తలపడుతుంటాడు. 2000 యూరో కప్‌లో ఒక్క మ్యాచ్ కూడా గెలవకుండా ఇంటిముఖం పట్టిన జర్మనీ, బుండెస్‌లీగా క్లబ్బులన్నీ అకాడమీలు నడపాల్సిందేనని నిబంధన పెట్టింది. 2014లో ప్రపంచకప్ గెలిచింది. పెన్సిల్వేనియా కుర్రాడు క్రిస్టియన్ పులిసిక్ పదహారేళ్లకే జర్మనీ క్లబ్బు డార్ట్‌మండ్‌కు వెళ్లి రాటుదేలాడు. తాత వైపు నుంచి వచ్చిన క్రొయేషియా పౌరసత్వం అతనికా వీలు కల్పించింది. 2002లో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లిన అమెరికా, 2017 అక్టోబరులో ట్రినిడాడ్ చేతిలో 2-1తో ఓడి తర్వాతి ఏడు ప్రపంచకప్‌కు అర్హతే పొందలేదు.

ఆడపిల్లల దగ్గర తారుమారు

ఇక్కడ కథ అడ్డం తిరుగుతుంది. 1920 డిసెంబరులో లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్క్‌లో డిక్ కెర్ ఫ్యాక్టరీ అమ్మాయిల మ్యాచ్‌కు సుమారు 53,000 మంది వచ్చారు. ఏడాది తిరక్కముందే ఇంగ్లిష్ అసోసియేషన్ తన క్లబ్బుల మైదానాలు మహిళలకు ఇవ్వొద్దని ఆజ్ఞాపించింది. ఆ నిషేధం అర్ధశతాబ్దం సాగింది. పశ్చిమ జర్మనీ కూడా 1955 నుంచి 1970 దాకా తలుపు మూసింది. మగవాళ్లను మోసిన క్లబ్బు వ్యవస్థే ఆడవాళ్లను గేటు బయట నిలబెట్టింది.

అమెరికాలో 1972లో టైటిల్ నైన్ చట్టం వచ్చింది. ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థలు చదువులోనూ ఆటల్లోనూ ఆడామగా తేడా చూపకూడదంది. మగవాళ్ల అమెరికన్ ఫుట్‌బాల్‌కు దీటుగా ఆడపిల్లలకు స్కాలర్‌షిప్పులు ఇవ్వాల్సివచ్చిన కాలేజీలకు సాకర్ కలిసొచ్చింది. నార్త్ కరోలినా యూనివర్సిటీలో ఆన్సన్ డోరెన్స్ తీర్చిదిద్దిన జట్టు నుంచే మియా హామ్ వచ్చింది. 1991లో తొలి మహిళా ప్రపంచకప్ అమెరికాదే. తర్వాత 1999, 2015, 2019ల్లోనూ గెలిచింది.

మగవాళ్ల దగ్గర ఆటను వదిలేసిన కాలేజే ఆడవాళ్ల దగ్గర దాన్ని ప్రపంచ శిఖరం ఎక్కించింది. పోటీదారులు తలుపులు మూసుకున్నంత కాలం కాలేజీ చాలింది. యూరప్ క్లబ్బులు తమ అకాడమీలను అమ్మాయిలకూ తెరిచాక లెక్క మారుతోంది. 2022లో బార్సిలోనా మహిళల మ్యాచ్‌కు 91,553 మంది వచ్చారు. 2023 ప్రపంచకప్‌ను స్పెయిన్ ఎత్తుకుపోయింది, అమెరికా ప్రీక్వార్టర్స్‌లోనే వెనుదిరిగింది. 2024లో ఒలింపిక్ స్వర్ణం గెలిచి తేరుకున్నా, అదే ఏడాది అమెరికా మహిళా లీగ్ కాలేజీ అమ్మాయిలను జట్లు పంచుకునే డ్రాఫ్ట్ పద్ధతినే రద్దు చేసింది.

జాతీయ జట్టు బలాన్ని ప్రపంచకప్ నెలలో కొలుస్తాం గానీ, అది తయారయ్యేది పదేళ్ల పిల్లకు మైదానం ఎవరిచ్చారన్న చోట. యూరప్ ఆ మైదానాన్ని ఊరి క్లబ్బు చేతిలో పెట్టి మగవాళ్ల ఆటను గెలిచింది, ఆడవాళ్లకు ఇవ్వనన్నందుకు యాభై ఏళ్లు నష్టపోయింది. అమెరికా దాన్ని కాలేజీకి, ఆ తర్వాత తల్లిదండ్రుల జేబుకు అప్పగించింది. ఫీజు కట్టలేని ఇంటి పిల్లవాడికి అక్కడి క్లబ్బు తన లాభం కోసమే తలుపు తీసే రోజు వస్తే, ఆ జట్టు ఫైనల్ చేరడం ఎవరికీ వింతగా తోచదు.