మూడు వేళ్ల పరీక్ష

నూజివీడు తోటల్లో ఏప్రిల్, మే నెలల్లో ఎవరికీ తీరికుండదు. కోసిన మామిడికాయను షెడ్డులో కుప్పపోస్తే ఆడవాళ్లు చుట్టూ కూర్చుని ఏరతారు. ఒక్కో కాయా అరచేతిలో తిప్పి, వేళ్లతో మెల్లగా నొక్కి, మెత్తబడ్డవి పక్కన పెడతారు. అంత నేర్పున్న ఆ చేతికే రొమ్ములో గోళీకాయంత గడ్డ తగిలితే మాత్రం "నొప్పి లేదుగా, కాపు అయ్యాక చూపించుకుందాంలే" అనుకుంటారు. రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. అదే కొంప ముంచుతుంది.

గడ్డను ముందే పట్టడానికి సంపన్న దేశాలు మామోగ్రామ్‌ను, అంటే రొమ్ము ఎక్స్‌రేను నమ్ముకున్నాయి. దానికి మిషన్ కావాలి, ఆ ఫిల్ము చదివే డాక్టరు కావాలి. పల్లెకు ఈ రెండూ ఎప్పుడొస్తాయి? ముంబై టాటా మెమోరియల్ ఆస్పత్రిలో డాక్టర్ ఇంద్రనీల్ మిత్రా బృందం 1998లో వేరే దారి పట్టింది. పదో తరగతి చదివిన ఆడపిల్లలకు రొమ్ము పరీక్ష నేర్పి మురికివాడలకు పంపింది. మధ్య మూడు వేళ్ల మెత్తటి భాగాలతో చిన్న చిన్న సున్నాలు చుడుతూ, ముందు పైపైన, తర్వాత కొంచెం గట్టిగా, ఆపైన లోతుగా నొక్కి చూడాలి. చంక, మెడ ఎముక దగ్గర కూడా వదలకూడదు.

మొత్తం 1,51,538 మంది స్త్రీలను రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికే రెండేళ్లకోసారి ఈ పరీక్ష చేశారు. ఫలితాలు 2021లో వెలువడ్డాయి. అన్ని వయసులనూ కలిపి చూస్తే మరణాల్లో తేడా గట్టిగా తేలలేదు. 50 దాటిన వాళ్లలో మాత్రం దాదాపు 30 శాతం తగ్గాయి. చేతివేళ్లు సాధించిన పని అది!

ఆ ఫలితం కోసం తెలుగునాట ఎవరూ ఆగలేదు. తల్లి డాక్టర్ ఉషాలక్ష్మి కుమారికి రొమ్ము క్యాన్సర్ రావడంతో బ్రిటన్‌లో ఉన్న శస్త్రవైద్యుడు పిల్లారిశెట్టి రఘురామ్ హైదరాబాద్ తిరిగొచ్చి, 2007లో ఆమె పేరిట ఫౌండేషన్ పెట్టారు. ప్రభుత్వంతో కలిసి 2012 నుంచి 2016 వరకు ఊళ్లలోని ఆరోగ్య కార్యకర్తలకు ఈ పరీక్షే నేర్పించి, రెండు తెలుగు రాష్ట్రాల పల్లెల్లో సుమారు 2 లక్షల మందికి చేయించారు. "పిన్నీ, చెయ్యి తలకింద పెట్టుకో" అని తెలిసిన పిల్ల అడిగితే ఒప్పుకునే మనిషి, ముక్కూమొహం తెలియని డాక్టరు దగ్గర బిగుసుకుపోతుంది. నా లెక్కలో ఈ పద్ధతి అసలు బలం ఆ చనువే.

గడ్డ దొరికాక దూరం అడ్డొస్తుంది. 2007లో మొదలైన ప్రభుత్వ ఆరోగ్యశ్రీ పథకం ఆపరేషన్ ఖర్చు భరించింది గానీ, రేడియేషన్‌కు అయిదు వారాలు రోజూ విజయవాడో గుంటూరో వెళ్లిరావాలంటే కూలి ఎవరిస్తారు? ఈ చిక్కు విప్పడానికి బ్రిటన్ పరిశోధనలు సాయపడ్డాయి. 25 సార్లు ఇచ్చేది 15 సార్లు చాలని ముందు తేల్చాయి, తగిన వాళ్లకు 5 సార్లే సరిపోతుందని 2020లో చూపాయి. అయిదు రోజులంటే, కాపు మధ్యలో కూడా మేస్త్రీని అడిగి వెళ్లిరావచ్చు.